తొక్కినా లాగని కారు: పార్టు మార్చే ముందు అంకె అడగండి

సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఆగి ఉన్న 1200 సీసీ పెట్రోలు ఇంజిన్ సెకనుకు 2, 3 గ్రాముల గాలి పీలుస్తుంది. అదే ఇంజిన్‌ని 6,000 ఆర్‌పీఎం దాకా పూర్తిగా తొక్కితే ఆ లెక్క 55 గ్రాములు దాటుతుంది. అంటే సుమారు 20 రెట్లు. పెట్రోలు సంగతీ అంతే. ఐడిల్‌లో గంటకు లీటరులోపుతో గడిచిపోయే బండికి నిండు లోడులో గంటకు 20 లీటర్ల పైమాటే కావాలి. అందుకే షెడ్డులో బానెట్ ఎత్తి, నిలబెట్టిన బండికి రెండుసార్లు రేజ్ ఇచ్చి 'ఇంజిన్ బాగానే ఉంది సార్' అని చెప్పేస్తే ఒప్పుకోకూడదు. లోడు పడినప్పుడు వచ్చే జబ్బును లోడు పెట్టే వెతకాలి.

అసలది జబ్బేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి విశాఖ గాలి కన్నా 9 శాతం దాకా పలచన. టర్బో లేని ఇంజిన్ శక్తి దాదాపు అంతే తగ్గుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి మరో 6 శాతం పలచన. మే నెలలో ఐదుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కుతుంటే ఏసీ వాడకం కాక 15 శాతం దాకా శక్తి గాల్లోనే పోతుంది. దానికి మందు లేదు, గేరు తగ్గించుకోవడమే.

అది కాదని తేలితే డాష్‌బోర్డు మీది ఆర్‌పీఎం ముల్లు చూడండి. నాలుగో గేరులో గట్టిగా తొక్కినప్పుడు ముల్లు 2,500 నుంచి 3,500కి ఎగబాకి, వేగం మాత్రం అక్కడే ఉంటే అరిగింది క్లచ్ ప్లేటు, ఇంజిన్ కాదు. ముల్లే బద్ధకంగా కదులుతుంటే ఇంజిన్ వైపు చూడాలి. కొన్ని కిలోమీటర్లు నడిపాక ఒక చక్రం మాత్రమే విపరీతంగా వేడెక్కితే ఆ బ్రేకు పట్టేసి ఉందన్నమాట.

తర్వాతిది స్కానర్. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల ప్రాంతంలో దొరికే చిన్న బ్లూటూత్ పరికరం అందులో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ చూస్తున్న అంకెల్లో ముఖ్యమైనవి ఫోన్‌లో కనిపిస్తాయి. నడిపేవారు వాటిని చూడకూడదు, పక్క సీట్లో ఉన్నవారే చదవాలి.

చాలామంది స్కానర్ చూపే లోపం కోడ్ చదివి ఆగిపోతారు. ఉదాహరణకు పీ0171 వచ్చిందనుకుందాం. గాలికి తగినంత పెట్రోలు అందడం లేదని దాని అర్థం. ఎందుకు అందడం లేదో మాత్రం అది చెప్పదు. దానికి 'ఫ్యూయల్ ట్రిమ్' చూడాలి. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు ఉండాలన్నది కంప్యూటర్ పెట్టుకునే లెక్క. ఆక్సిజన్ సెన్సర్ చెప్పేదాన్ని బట్టి అది పెట్రోలును కొన్ని శాతాలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ సవరణే ట్రిమ్. అటూ ఇటూ 5 శాతం ఆరోగ్యం, 10 దాటితే అనుమానం. చాలా కార్లలో 25 శాతం దగ్గరకు వస్తేగాని చెక్ ఇంజిన్ లైటు వెలగదు. ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకు గాలి 13.5 పాళ్లే చాలు గనుక పాత కార్లలో ట్రిమ్ కొంత పెరిగి ఉండటం సహజం. అది చూసి కంగారు పడొద్దు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే: ట్రిమ్‌ను ఐడిల్‌లో ఒకసారి, మూడో గేరులో ఎత్తు ఎక్కుతూ ఒకసారి చూడండి. ఐడిల్‌లో 18 ఉండి, తొక్కినప్పుడు 4కి దిగితే ఎక్కడో గొట్టం చీలి దొంగగాలి లోపలికి వస్తోంది. ఐడిల్‌లో 3 ఉండి, ఎత్తు ఎక్కుతుంటే 20కి పోతే పెట్రోలు సరఫరా చాలడం లేదు. మొదటిదానికి చిన్న రబ్బరు గొట్టంతో సరిపోవచ్చు. రెండోది వేల రూపాయల పంపు దాకా వెళ్లవచ్చు. కోడ్ మాత్రం రెండింటికీ ఒకటే!

రెండోదైనా వెంటనే పంపు మార్చనివ్వకండి. మామూలు పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో లైను ప్రెషర్ 3 నుంచి 4 బార్ ఉంటుంది. మెకానిక్ గేజ్ పెట్టి, లోడు మీద అది పడిపోతోందో లేదో చూడాలి. పడిపోతుంటే పంపు కనెక్టర్ దగ్గర ఓల్టేజీ కొలవాలి. బ్యాటరీ దగ్గర 14 ఉండి, అక్కడ 11 వస్తుంటే తప్పు వైరుది లేదా తుప్పుపట్టిన ఎర్తుది. ట్యాంకులోని జాలీ మూసుకుపోయినా ఇదే లక్షణం.

గాలి వైపు పరీక్ష తేలిక. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న కార్లలో పూర్తిగా తొక్కినప్పుడు స్కానర్‌లో 100 కిలోపాస్కల్స్‌కి దగ్గరగా కనబడాలి, అరకులో 90. మైదానంలోనే 80 దగ్గర ఆగితే ఫిల్టరో, సరిగా తెరుచుకోని థ్రాటిలో అడ్డం పడుతోంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009 అధ్యయనంలో, మూసుకుపోయిన ఫిల్టర్ మార్చితే కొత్త తరం కార్లకు మైలేజీ పెద్దగా పెరగలేదు గానీ వేగం అందుకునే సమయం 6 నుంచి 11 శాతం మెరుగుపడింది.

జెర్కులు కొడుతుంటే మిస్ ఫైరింగ్. పీ0302 అంటే రెండో సిలిండర్. ఆ కాయిల్ తీసి మూడోదానికి పెట్టి నడపండి. కోడ్ పీ0303గా మారితే కాయిలే పోయింది, మారకపోతే ప్లగ్గు చూడండి. పైసా ఖర్చు లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం ఆ తొక్కుడు వెంటనే ఆపాలి. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కరిగించేస్తుంది. అలా మూసుకుపోయిన కన్వర్టరే తర్వాత బండిని పైవేగంలో నొక్కిపడుతుంది. 2,500 ఆర్‌పీఎం దగ్గర ఎగ్జాస్ట్ ఎదురు ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటితే అదే కారణం.

డీజిల్ కార్లలో పీ0299 అంటే టర్బో ఒత్తిడి చాలలేదని. టర్బో మార్చే ముందు ఇంటర్‌కూలర్ గొట్టాలు చూడాలి, చీలిక అక్కడే ఎక్కువ. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 డీజిళ్లలో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంది. ఆ మసి కాలాలంటే 600 డిగ్రీల వేడి కావాలి. రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ వేడి రాదు, మసి పేరుకుని బండి లాగడం తగ్గుతుంది.

షెడ్డులో ఏ పార్టు మార్చమన్నా ఒక్కటి అడగండి: ఏ అంకె చూసి చెబుతున్నారు? మార్చాక అదే రోడ్డు మీద, అదే గేరులో ఆ అంకె మళ్లీ చూపించమనండి. రెండూ బిల్లు మీద రాయించుకోండి.