పై పోర్షను కడుతున్నారా? ముందు లెక్క వేయండి

హన్మకొండ: నయీంనగర్ సందుల్లోకి వెళితే గేటు గేటుకూ 'టులెట్' బోర్డులే. చదువుల కోసం వచ్చే పిల్లలు, బదిలీల మీద వచ్చే ఉద్యోగులు ఉన్నంతకాలం ఈ ఊళ్లో అద్దె ఇళ్లకు గిరాకీ తప్పదు. అందుకే ఉద్యోగి రిటైరయి గ్రాట్యుటీ డబ్బు చేతికందగానే బంధువులు చెప్పే సలహా ఒక్కటే. "కింద మీరుండండి. పైన పోర్షను వేసి కిరాయికియ్యండి. నెలనెలా పైసలొస్తయి."

సలహా చెప్పినవారెవరూ కాగితం, కలం తీయరు. అదే చిక్కు.

ఉదాహరణకు పై అంతస్తుకు 20 లక్షలు అయిందనుకుందాం. నెలకు 8 వేల చొప్పున ఏడాదికి అద్దె 96 వేలు. ఇందులో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఇంటిపన్ను, సున్నాలు, బోరు మోటారు మరమ్మతు, స్లాబు కారితే దాని ఖర్చు కలిపి 16 వేలు వేసుకోండి. చివరికి మిగిలేది 72 వేలు. అంటే నూటికి 3 రూపాయల 60 పైసలు. అరవై దాటినవారి కోసం పోస్టాఫీసులో ఉన్న పొదుపు పథకం వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి చేరింది. ఆ రేటున అదే 20 లక్షలకు ఏడాదికి లక్షా 64 వేలు వస్తాయి. మోటారు కాలిపోయే బాధ లేదు.

అయితే ఆ వడ్డీ అయిదేళ్లూ అంతే ఉంటుంది, అద్దె పెరుగుతుంది. ఆదాయపు పన్నులోనూ, మీరు కట్టిన ఇంటిపన్ను పోను మిగిలిన అద్దెలో 30 శాతం తీసివేస్తారు. ఇది నిజమే. కాని "ఇల్లు విలువ పెరుగుతుంది కదా" అన్న మాట దగ్గర ఆగాలి. పెరిగేది నేల విలువ. గోడల విలువ ఏటేటా తరుగుతుంది. మేడ మీద వేసే పోర్షనుతో కొత్తగా ఒక్క గజం నేల కూడా కలిసి రాదు. రేపు కొడుకు కుటుంబం వచ్చి ఉంటుందనుకుంటే కట్టుకోవచ్చు. అద్దె కోసమే అయితే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

ఖాళీ నెల సంగతీ చిన్నది కాదు. ఆషాఢంలో పాలు పొంగించేవారుండరు. జ్యేష్ఠం చివర ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా తాళమే. ఇక 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అని రాసే ఇంటివారి అబ్బాయి హైదరాబాదులో బ్యాచిలరుగానే గది వెతుక్కుంటుంటాడు!

చట్టం విషయంలో ఇద్దరికీ అపోహలున్నాయి. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం అన్ని ఇళ్లకూ వర్తిస్తుందనుకుంటారు. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని నుంచి తప్పుకున్నాయి. కాబట్టి నేడు వరంగల్, హన్మకొండల్లో చాలా ఇళ్ల తగాదా సివిల్ కోర్టుకే పోతుంది. నెలవారీ అద్దె అయితే ఖాళీ చేయమనడానికి 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే దావా వేయాలే తప్ప, కరెంటు తీసేయడం, సామాను బయట పెట్టడం కుదరదు. 1999 సవరణకు ముందు ఇక్కడ ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషను తప్పనిసరిగా ఉండేది. 11 నెలల కాగితాలు అందుకే పుట్టాయి.

రెండు కుటుంబాలకు ఒకే కరెంటు మీటరు ఉంటే యూనిట్లు కలిసి పై శ్లాబుకు పోతాయి, ఆ బిల్లు మీదే సగం తగాదాలు మొదలవుతాయి. పైకి వేరే మీటరు పెట్టించాలి. అద్దెకు రసీదు ఇవ్వాలి, అడిగి మరీ తీసుకోవాలి. దిగే రోజున గోడలు, నల్లాలు, స్విచ్చులు ఎలా ఉన్నాయో ఇద్దరూ కలిసి చూసి రాసుకుంటే, వెళ్లే రోజున అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలన్న మాట అయిదు నిమిషాల్లో తేలుతుంది.