ఉద్దానంలో ఎలుగుల కాలం: భయం కంటే జాగ్రత్తే మేలు

పలాస: జీడిమామిడి పండిందంటే ఉద్దానం రైతు ఇంట నాలుగు డబ్బులు కనిపించే రోజులు వచ్చినట్టే. పనస కూడా ఆ వెంటనే అందుకుంటుంది. అయితే ఈ పండ్ల కోసం ఎదురుచూసేది రైతు ఒక్కడే కాదు. మెట్టల మీద రాతి గుహల్లో పగలంతా పడుకునే ఎలుగులు కూడా ఎదురుచూస్తుంటాయి. పొద్దుగూకిన తరువాత అవి తోటల్లోకి దిగుతాయి. తెల్లవారకముందే పిక్కలు ఏరుకోవడానికి రైతు తోటకు బయలుదేరతాడు. ఇద్దరూ ఒకే చెట్టు కింద ఎదురుపడిన రోజున ప్రాణం మీదికి వస్తోంది.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎలుగు మాట కొత్తది కాదు. పూర్వం ఎలుగును ఆడించేవాళ్ళు ఊళ్ళోకి వస్తే పిల్లలకు జడుపు పోతుందని దాని వెంట్రుకతో తాయెత్తు కట్టించేవారు. ఇప్పుడు పిల్లల సంగతి అటుంచి, పెద్దవాళ్ళే ఒంటరిగా తోటకు వెళ్ళడానికి జడుస్తున్నారు.

మరువరాని సంఘటనలు

2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడికి భార్యాభర్తలు బలయ్యారు. మరికొందరు గాయపడ్డారు. ఆగ్రహించిన జనం చేతుల్లో ఆ ఎలుగు కూడా చచ్చింది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది. మరునాడు అదే ప్రాంతంలో పలువురు గాయపడ్డారు. అటవీ సిబ్బంది మత్తుమందు ఇచ్చి ఎలుగును పట్టుకున్నారు గాని, విశాఖపట్నం జంతు ప్రదర్శనశాలకు తరలిస్తుండగా అది దారిలోనే చనిపోయింది. 2024 మార్చిలో అదే మండలం అనకాపల్లి గ్రామం వద్ద జీడితోటలో మరో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు.

ఈ మూడూ జరిగిన నెలలు చూస్తే సంగతి బోధపడుతుంది. మార్చి నుంచి జూన్ వరకు జీడి, పనస పండే కాలం. రైతుకు తోటలో పని ఉండే కాలం, ఎలుగుకు తోటలో తిండి ఉండే కాలం ఒకటే. తోటకు వెళ్ళవద్దంటే రైతుకు గడవదు. కనుక ఎలా వెళ్ళాలి, ఇంటి దగ్గర ఎలా ఉండాలి అన్నదే తెలుసుకోవలసిన విషయం.

ఊళ్ళోకి ఎందుకు వస్తోంది?

ఎలుగుకు మనిషి మాంసం ఆహారం కాదు. దాని ముఖ్యమైన తిండి చెదలు, చీమలు, తేనె, పండ్లు. మూడు నాలుగు అంగుళాల గోళ్ళతో పుట్టను తవ్వి, మూతి లోపలికి పెట్టి చెదలను పీల్చుకుంటుంది. పై వరుసలో ముందు పళ్ళు రెండు లేకపోవడం దానికి ఇందుకే అనుకూలం. ఆ పీల్చే శబ్దం రాత్రివేళ చాలా దూరం వినిపిస్తుంది.

దాని కన్ను, చెవి అంత చురుకైనవి కావు. ముక్కు మాత్రం గట్టిది. ఊళ్ళోకి దాన్ని లాక్కొచ్చేది వాసనే. పిక్క తీసుకుని చెట్టు కింద పారబోసిన జీడిపండ్లు రెండు రోజుల్లో పులిసి వాసన కొడతాయి. ముగ్గి నేల రాలిన పనసపండు సంగతి చెప్పనక్కరలేదు. గుళ్ళో దీపపు నూనె, కొబ్బరి చెక్కలు, బెల్లం ప్రసాదం, పెరట్లో ఎంగిలి మెతుకులు, చేపల పొట్టు, ఇవన్నీ దానికి పిలుపులే.

ఇక నీరు. ఎండాకాలంలో మెట్టల మీద చెలమలు ఎండిపోతే అది దాహానికి కిందికి దిగక తప్పదు. పైగా కుటుంబాలు వలస పోయి, చూసేవారు లేక తుప్పలు ఎక్కిన తోటలు దానికి పగటిపూట కూడా చాటు ఇస్తున్నాయి. ఊరిని ఆనుకుని అటువంటి తోట ఉంటే ఎలుగు ఊరి పొలిమేరలోనే కాపురం పెట్టినట్టు.

ఇంటి చుట్టూ

ఎలుగు ఒకసారి వచ్చిన చోట తిండి దొరికితే మళ్ళీ వస్తుంది. రెండుసార్లు వచ్చి ఏమీ దొరకకపోతే దారి మార్చుకుంటుంది. కనుక మొదటి పని దానికి ఏమీ దొరకకుండా చెయ్యడం.

పిక్క తీసిన జీడిపండ్లను ఇంటి దగ్గర కుప్ప వెయ్యకూడదు. దూరంగా గొయ్యి తీసి, మన్ను కప్పాలి. పెరట్లోని పనసకాయలను ముగ్గకముందే కోసుకోవాలి. రాలిన పండును ఏ పూటకాపూట ఎత్తివెయ్యాలి. ఎంగిలి, చేపల వ్యర్థాలు వాకిట్లో పారబొయ్యకూడదు. రాత్రి గుడి మూసేముందు నూనె, ప్రసాదం లోపల పెట్టి తలుపు గడియ వెయ్యాలి. బడి వంటగది, అంగన్‌వాడీ కేంద్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఇంటి చుట్టూ కనీసం ఇరవై ముప్పై గజాల మేర తుప్పలు కొట్టించాలి. గోడ వారగా పుట్ట లేస్తే తవ్వించాలి. వేసవి రాత్రుల్లో ఆరుబయట నులక మంచం వేసుకుని పడుకునే అలవాటు ఉన్నవారు మెట్టకు దగ్గర ఊళ్ళలో అరుగు మీదో, తలుపు లోపలో పడుకోవడం మంచిది. రాత్రి బయటికి రావలసి వస్తే ముందు లైటు వేసి, కొంచెం చప్పుడు చేసి, నాలుగు వైపులా చూసి అడుగు బయట పెట్టాలి. చెంబు పట్టుకుని చీకట్లో తుప్పల్లోకి వెళ్ళడం ఎంతో ప్రమాదం. ఇంట మరుగుదొడ్డి ఉండి కూడా వాడనివారు ఈ ఒక్క కారణానికైనా వాడాలి.

గట్టు లేని నేలబావులు మరొక ప్రమాదం. చీకట్లో ఎలుగు వాటిలో పడుతుంది. పడిన దానిపై రాళ్ళు రువ్వితే, పైకి వచ్చాక కనిపించినవారి మీద పడుతుంది. బావికి గట్టు కడితే ఎలుగుకే కాదు, పశువులకు, పిల్లలకు కూడా క్షేమం.

తోటకు వెళ్ళేటప్పుడు

దొంగల భయంతో తెల్లవారుజామునే తోటకు పరుగెత్తే రైతులు ఉన్నారు. ఎలుగు మెట్టకు తిరిగి వెళ్ళే వేళ కూడా అదే. బాగా వెలుగు వచ్చాక బయలుదేరడం, పొద్దు వాలకముందే తిరిగి రావడం అన్నిటికంటే పెద్ద రక్ష. పక్కపక్క తోటల వాళ్ళు మాట్లాడుకుని నలుగురైదుగురు కలిసి వెళ్ళాలి.

దారిలో మౌనంగా నడవకూడదు. పెద్దగా మాట్లాడుకుంటూ, పాట పాడుకుంటూ, కర్రతో చెట్టు మొదలు తడుతూ నడవాలి. ఎలుగు చాలాసార్లు మనిషి మీదికి వచ్చేది పగతో కాదు, ఉలిక్కిపడి. తలవంచుకుని చెదలు పీలుస్తున్నప్పుడు అడుగుల చప్పుడు దానికి వినిపించదు. పది అడుగుల దూరంలో హఠాత్తుగా మనిషి కనిపిస్తే పారిపోయే వ్యవధి లేదనుకుని మీద పడుతుంది. మన అలికిడి దూరం నుంచే తెలిస్తే చాలా మటుకు అదే తప్పుకుంటుంది.

కొత్తగా తవ్విన పుట్ట, గోళ్ళు గీసిన చెట్టు, పండ్ల గింజలున్న పెంట కనిపిస్తే ఆ వైపు వెళ్ళకూడదు. కుక్కను వెంట తీసుకుపోయేవారు తాడు కట్టి తీసుకుపోవాలి. వదిలేసిన కుక్క ఎలుగు మీదికి మొరుగుతూ పోతుంది, అది తరమగానే యజమాని దగ్గరకే పరుగెత్తుకు వస్తుంది. వెనకనే ఎలుగు వస్తుంది.

ఎదురుపడితే

దూరంగా కనిపించి అది మనను చూడకపోతే వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి మళ్ళాలి. దగ్గరలో ఎదురుపడితే ముందు చెయ్యవలసింది ఆగడం. పరుగెత్తకూడదు. ఎంత బరువైనా ఎలుగు మనిషి కంటే వేగంగా పరుగెత్తుతుంది. మగ ఎలుగు వంద కిలోలు దాటి ఉంటుంది. చెట్టు ఎక్కినా లాభం లేదు, అది మనకంటే బాగా ఎక్కుతుంది.

దాని మీద నుంచి చూపు మరల్చకుండా, మెల్లగా మాట్లాడుతూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వెయ్యాలి. నలుగురు ఉంటే విడిపోకుండా ఒకచోట చేరాలి. అది వెనక కాళ్ళ మీద నిలబడితే కొట్టడానికే అనుకోనక్కరలేదు. వాసన పట్టడానికి కూడా అలా నిలబడుతుంది. దానికి పోవడానికి దారి వదలాలి. ఇంట్లోకో, పశువుల శాలలోకో దూరితే తలుపు దగ్గర గుమిగూడకుండా, అది బయటపడే వైపు ఖాళీ చెయ్యాలి.

అన్నిటికంటే ప్రమాదం పిల్లల తల్లి. చలికాలంలో గుహల్లో ఒకటి రెండు పిల్లలు పెట్టి, వాటిని వీపు మీద మోసుకు తిరుగుతుంది. పిల్ల ఒక్కటే కనిపించినా తల్లి అక్కడే ఉందని తెలుసుకోవాలి. ముద్దొచ్చిందని దగ్గరకు పోవడం, పట్టుకోవడం చావును పిలుచుకోవడమే.

మీద పడితే

తప్పించుకోలేక అది మీద పడితే బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులూ మెడ వెనక అల్లుకోవాలి. ఎలుగు గాయాలు ఎక్కువగా తలకు, ముఖానికి, మెడకు తగులుతాయి. కళ్ళు పోయినవారు, ముఖం రూపు మారినవారు ఉన్నారు. అది వదిలి వెళ్ళిన వెంటనే లేవకూడదు. దూరం పోయిందని తెలిశాకే కదలాలి.

గాయపడిన మనిషికి రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, 108కు చెప్పి ఆస్పత్రికి చేర్చాలి. పసుపు, ఆకు పసరు, కాఫీ పొడి పెట్టకూడదు. చిన్న గాయమైతే సబ్బు నీళ్ళతో పావుగంట సేపు ధారగా కడగాలి. అడవి జంతువు కరిచినా, రక్కినా పిచ్చికుక్క కాటుకు ఇచ్చే సూదిమందులు, ధనుర్వాతం సూదిమందు తప్పనిసరి. కుట్లు వేశారు కదా అని ఊరుకోకుండా, ఆ సూదిమందులు అన్నీ పూర్తయ్యేదాకా వెయ్యించుకోవాలి.

గుంపుతో మరింత ముప్పు

ఎలుగు వచ్చిందనగానే ఊరంతా కర్రలు, రాళ్ళు పట్టుకుని చుట్టుముట్టడం పరిపాటి. కొందరు సెల్‌ఫోనుతో ఫొటో తీయబోతారు. ఎటు చూసినా మనుషులే కనిపిస్తే బెదిరిన ఎలుగు కనిపించినవారినల్లా రక్కుకుంటూ పోతుంది. పిల్లలను, పశువులను లోపలికి తోలి, తలుపులు వేసుకుని, అటవీ శాఖకు, పోలీసులకు కబురు పెట్టడమే సరైన దారి. 112కు ఫోను చేసినా పోలీసులకు అందుతుంది.

ఎలుగు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు. వేటాడి చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. అయితే ప్రాణం కాపాడుకునే ప్రయత్నంలో సద్బుద్ధితో కొట్టిన దెబ్బకు అది చచ్చిపోతే నేరం కాదని అదే చట్టం చెబుతోంది. తోట కంచెకు కరెంటు పెట్టడం, పండులో నాటు బాంబు దాచడం ఈ లెక్కలోకి రావు. ఆ తీగకు ఎలుగు కంటే ముందు పక్క తోట రైతో, మేకల కాపరో చిక్కుకునే ప్రమాదం ఉంది.

మనిషి చనిపోయినా, గాయపడినా ప్రభుత్వం నుంచి పరిహారం ఉంటుంది. ఆలస్యం చెయ్యకుండా అటవీ అధికారులకు తెలియజేసి, సంఘటన జరిగిన చోట పంచనామా జరిపించి, ఆస్పత్రి కాగితాలన్నీ భద్రపరచుకోవాలి. కాగితం లేక పరిహారం నిలిచిపోతే నష్టం ఆ కుటుంబానికే.

చెయ్యవలసింది ఇంకా ఉంది

ఎలుగులన్నిటినీ పట్టి ఎక్కడికైనా తోలెయ్యాలని బాధితుల ఊళ్ళలో వినిపించే మాట. ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారి బాధలో అది న్యాయంగానే తోస్తుంది. కాని ఒకదాన్ని పట్టుకుపోతే ఆ మెట్టకు, ఆ తిండికి మరొకటి వస్తుంది. పట్టడం కూడా ఎంత కష్టమో కిడిసింగిలో తెలిసింది.

మెట్టల మీద వేసవిలో నీటి తొట్లు నింపాలి. మెట్టపై రేగు, నేరేడు, మర్రి వంటి పండ్ల చెట్లు పెంచాలి. ఊరిని ఆనుకున్న తుప్పలు పంచాయతీలు కొట్టించాలి. వీధి దీపాలు వెలిగేలా చూడాలి. జీడి కాపు మొదలయ్యే ముందే అటవీ సిబ్బంది ఊరూరా వచ్చి, ఫోను నంబరు రచ్చబండ దగ్గర గోడ మీద రాయించాలి. ఎలుగు తిరుగుతున్న జాడ తెలిసిన రోజున సాయంత్రమే దండోరా వేయించాలి.

ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. వచ్చే కాపుకు ముందే పూర్తయితే, తోటకు వెళ్ళిన మనిషి సాయంత్రానికి క్షేమంగా ఇల్లు చేరతాడు.