దెబ్బతిన్న సంయుక్త పదార్థాల్లో వికృతి మాపనం: పరారుణ ఉష్ణచిత్రణ పద్ధతి

1. ఉపోద్ఘాతం:

విమాన నిర్మాణంలో లోహాల స్థానాన్ని సంయుక్త పదార్థాలు క్రమంగా ఆక్రమిస్తున్నాయి. బోయింగ్ 787 విమాన నిర్మాణ భారంలో సుమారు 50 శాతం వీటిదే. కార్బన్ తంతువులను ఎపాక్సీ రెజిన్‌లో పొదిగి, పొరలుగా పేర్చి వీటిని తయారుచేస్తారు. లోహంపై బరువైన పనిముట్టు జారిపడితే సొట్ట కనబడుతుంది. సంయుక్త పదార్థంపై పడితే, పైభాగం చెక్కుచెదరనట్లే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. అటువంటి భాగం భారాన్ని ఎట్లా మోస్తున్నదో దానిని కోయకుండానే తెలుసుకోవటానికి పరారుణ ఉష్ణచిత్రణం తోడ్పడుతుంది. ఉష్ణచిత్రం నుంచి వికృతిని ఏ మేరకు గ్రహించవచ్చునో, ఆ గ్రహింపు ఎక్కడ తప్పుదారి పట్టగలదో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వికృతి - పారిభాషికార్థం:

ప్రకృతి, వికృతి అనే జంట తెలుగు వ్యాకరణంలో సుపరిచితం. భౌతికశాస్త్రంలో వికృతి అంటే వస్తువు కొలతలో కలిగిన మార్పుకూ, తొలి కొలతకూ గల నిష్పత్తి. 1 మీటరు కడ్డీ 1 మిల్లీమీటరు సాగితే వికృతి 0.001. ఆ మార్పును ఎదిరిస్తూ ప్రమాణ వైశాల్యంపై ఏర్పడే బలం ప్రతిబలం. నష్టం జరిగినచోట దృఢత్వం తగ్గుతుంది కనుక అదే ప్రతిబలానికి వికృతి పెరుగుతుంది. కాబట్టి ఈ రెండింటినీ పర్యాయపదాలుగా భావించరాదు.

3. ఉష్ణచిత్రణ సూత్రం:

ఘనపదార్థాన్ని వేగంగా సాగదీస్తే అది అత్యల్పంగా చల్లబడుతుంది; నొక్కితే వేడెక్కుతుంది. 1850ల్లో విలియం థామ్సన్ (లార్డ్ కెల్విన్) దీనికి సిద్ధాంత రూపమిచ్చాడు. ఉక్కులో ప్రతిబలం 1 మెగాపాస్కల్ మారితే ఉష్ణోగ్రత మారేది డిగ్రీలో సుమారు వెయ్యోవంతు మాత్రమే. మంచి పరారుణ కెమెరా సైతం ఒక్క చిత్రంలో ఇంత స్వల్పభేదాన్ని పట్టలేదు. అందుకే నమూనాపై భారాన్ని ఆవర్తనంగా పెంచుతూ, తగ్గిస్తూ వందలాది చిత్రాలు తీస్తారు. భారంతో లయ కలిసే మార్పును మాత్రమే వాటినుంచి వేరుచేస్తారు. ఉపరితలానికి పలుచగా మెరుపులేని నలుపురంగు పూసి, పరారుణ ఉద్గారం అంతటా ఒకేలా ఉండేటట్లు చూస్తారు.

4. సంయుక్త పదార్థాల ప్రత్యేకత:

ఉష్ణోగ్రతలోని ఈ మార్పు ఉష్ణ వ్యాకోచ గుణకంపై ఆధారపడుతుంది. కార్బన్ తంతువుల పొడవు దిశలో ఆ గుణకం దాదాపు సున్నా. కొంత రుణాత్మకం కూడా. రెజిన్‌లో అది చాలా ఎక్కువ. అందువల్ల తంతువుల దిశలో సాగిన పొర ఎంత భారం మోస్తున్నా ఉష్ణచిత్రంలో దాదాపు నిశ్చలంగా కనిపించవచ్చు. సంకేతం లేదంటే వికృతి లేదని అర్థం కాదు.

పైభాగాన రెజిన్ మాత్రమే ఉన్న పలుచని పొర ఉంటే, అది కింది పొరలతో పాటే సాగుతుంది. భారం మారే వేగం తగినంత ఎక్కువైతే, కింది పొరలనుంచి వేడి చేరకముందే రెజిన్‌లోని మార్పు నమోదవుతుంది. అప్పుడు ఆ పొరే వికృతికి సాక్షి. అయితే ఇది వివిధ దిశల వికృతుల మొత్తాన్నే సూచిస్తుంది. ఒక్కొక్క దిశను విడదీయదు. ఆ లోటును పూరించటానికి, ఉపరితలంపై చుక్కలు చల్లి వాటి కదలికను సాధారణ కెమెరాలతో కొలిచే పద్ధతిని జోడిస్తారు.

5. నష్టం కలిగించే చిక్కులు:

పగుళ్ల ముఖాలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు ఘర్షణవల్ల వేడి పుడుతుంది. భారంతో పాటు వచ్చి పోయే స్థితిస్థాపక మార్పు వంటిది కాదిది. భారం పెరిగినా, తగ్గినా వేడినే మిగులుస్తుంది. భారపు లయకూ, ఉష్ణోగ్రత లయకూ మధ్య ఉండవలసిన దశాభేదం చెదిరినచోట ఘర్షణనో, ఉష్ణవహనాన్నో అనుమానించాలి. సంకేతం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది కనుక, 300 కెల్విన్ల వద్ద నమూనా 3 కెల్విన్లు వేడెక్కితే సంకేతం 1 శాతం పెరుగుతుంది. దీనిని సవరించకపోతే వికృతి పెరిగిందని పొరబడతాము. పైగా విడిపోయిన పై పొర తన వికృతినే చెబుతుంది, లోపలి పొరలది కాదు.

6. ముగింపు:

కెమెరా కొలిచేది పరారుణ వికిరణాన్ని. దాని నుంచి ఉష్ణోగ్రతను, ఉష్ణోగ్రత నుంచి వికృతిని మనం నిర్ధారిస్తాము. ఆరోగ్యకరమైన పదార్థంలో సాఫీగా సాగే ఈ నిర్ధారణ, నష్టం ఏర్పడినచోటనే బలహీనపడుతుంది. మనకు సమాచారం అత్యవసరమైనదీ అక్కడే. కాబట్టి చిత్రంలోని ఎరుపు, నీలం రంగులను నేరుగా వికృతిగా చదవక, పొరల అమరికను, భారపు వేగాన్ని, దశాభేదాన్ని, సగటు ఉష్ణోగ్రతను కలిపి పరిశీలించినప్పుడే ఉష్ణచిత్రం ప్రమాణమవుతుంది.