చేను పిలుస్తోంది... బడీ పిలుస్తోంది!

జూన్ రెండో వారం వచ్చిందంటే తొర్రూరు చుట్టుపక్కల పల్లెల్లో హడావుడే హడావుడి. ఎనిమిదో తేదీకి అటూ ఇటూగా మృగశిర కార్తె. పన్నెండున బడి తలుపులు తెరుస్తారు. తొలకరి పడితే విత్తనాలతో చేలోకి పరుగెత్తాలి. బస్సు హారన్ వినిపించేలోపు పిల్లల జడలు పూర్తవ్వాలి. ఇది అందరు రైతుల ఇళ్లలోనూ ఉండేదే. కానీ రసాయనాల్లేకుండా మూడెకరాలు సాగు చేసుకునే ఇంటికి ఆ రోజుల్లోనే మరో పని... వేపపండ్లు ఏరడం! వానకు తడిస్తే గింజ బూజు పడుతుంది. ఏడాది పొడుగునా వాళ్ల పురుగుమందు ఆ గింజే మరి.

సేంద్రియ సాగులో పెట్టుబడి తగ్గుతుందంటారు. నిజమే. దుకాణంలో బాకీ ఉండదు. కానీ ఆ డబ్బుకు బదులు ఇంట్లోవాళ్ల పొద్దు ఖర్చవుతుంది. ఎకరానికి ఒక్కసారి కషాయం కొట్టాలంటే ఐదు కిలోల వేపగింజల పొడి కావాలి. మూడెకరాలకు నాలుగుసార్లు అనుకుంటే 60 కిలోలు! ఏరాలి, ఎండబెట్టాలి, దంచాలి, రాత్రి నానబెట్టాలి, వడకట్టాలి, సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి. జీవామృతం సంగతి సరేసరి. ఎకరానికి 200 లీటర్ల నీళ్ల డ్రమ్ము, పది కిలోల పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పు పిండి, గుప్పెడు మట్టి. రెండు రోజులు నీడన ఉంచి పొద్దునా మాపూ కలియబెట్టాలి. అదే సీసా మందైతే మూత తిప్పి నీళ్లలో కలపడమే.

అన్నిటికీ మూలం కొట్టంలో ఉన్న ఆవు. దానికి ఆదివారం లేదు. చెల్లెలి పెళ్లికి వెళ్లినా చీకటి పడేసరికి ఇల్లు చేరాల్సిందే. అత్తగారిని వరంగల్ ఆసుపత్రిలో చేర్పిస్తే ఆవిడ మంచం దగ్గర ఒకరు, ఆవు దగ్గర ఒకరు. ఇక పిల్లల చదువుకు ఎవరు మిగిలినట్టు?

పక్కనే బమ్మెర ఉంది. పోతన కాడి పట్టి దున్నుతూ భాగవతం రాశాడని తరతరాలుగా గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఇంట్లో కొట్టం ఎవరు ఊడ్చారో మాత్రం ఏ కథా చెప్పదు! ఇవాళైనా అంతే. చేను ఆయన పేరన ఉంటుంది, డ్రమ్ములో కర్ర తిప్పే చెయ్యి చాలాచోట్ల ఆవిడది.

మరి ఇది సాధ్యమేనని నిరూపించిన ఊరు లేదా? ఉంది. తొర్రూరుకు పొరుగునున్న జనగామ జిల్లాలోని ఎనబావి. పట్టుమని అరవై ఇళ్లు కూడా లేని ఆ పల్లె 2006లో తమది పూర్తి సేంద్రియ గ్రామమని ప్రకటించుకుంది. ఎరువు బస్తా, మందు సీసా ఊళ్లోకి రానివ్వలేదు. దేశం నలుమూలల నుంచీ జనం చూసిపోయారు. జనగామ కేంద్రంగా పనిచేసే క్రాప్స్ సంస్థ వెన్నంటి నిలిచింది. అక్కడ అసలు కిటుకు కషాయంలో లేదు, ఊరంతా కలిసి నడవడంలో ఉంది. ఎర్ర గొంగళి తల్లి పురుగుల్ని రప్పించడానికి వాన పడ్డ రాత్రుల్లో మంటలు వేయాలంటే, ఒక్క చేలో వేస్తే లాభం లేదు. గట్టు గట్టుకూ వెలగాలి. ఊరంతా కలిసి మోసే ఆ బరువును ఒక్క ఇల్లే ఎత్తుకుంటే? నాలుగైదేళ్లకు నడుము వంగుతుంది.

అలా వంగిన ఇళ్లే చేను వదులుతున్నాయి. నమ్మకం పోయి కాదు. ఈ సాగును తిట్టే మాట వాళ్ల నోట రాదు. పాప పదో తరగతికి వచ్చి ఉంటుంది, లేదా మామగారు మంచాన పడి ఉంటారు. వరంగల్-ఖమ్మం దారిలో ఉన్న తొర్రూరు 2018లో మున్సిపాలిటీ అయింది. పల్లె వాళ్లకు బడి, ఆసుపత్రి, చిన్నదో పెద్దదో ఒక కొలువు అక్కడే. కొందరు తల్లీపిల్లల్ని టౌన్లో అద్దెగదిలో ఉంచి, తండ్రి మాత్రం ఊళ్లో చేనుకు కాపలా ఉంటాడు. రెండు పొయ్యిలు, రెండు కరెంటు బిల్లులు. 'బాపూ, ఆదివారం వస్తవా?' అని ఫోన్లో అడిగే పిల్లకు ఆవును చూపించి ఎన్నాళ్లు సర్దిచెబుతాడు?

చివరికి ఆవును అమ్ముతారు. కష్టమైన పని అదే. పొలం కౌలుకిస్తారు. ఇక్కడే మనసు మెలిపెడుతుంది. నోటిమాట మీద ఒక్క ఏడాదికి తీసుకున్న కౌలుదారు మట్టిని బాగుచేస్తూ కూర్చోలేడు కదా! పెట్టిన డబ్బు ఆ పంటలోనే రావాలి. యూరియా బస్తా దిగుతుంది. ఏళ్ల తరబడి పెంటపోగులు తోలి, ఆకు కుళ్లబెట్టి మెత్తబరచిన నేల అది. బస్సులో పోతూ కిటికీలోంచి ఆ గట్టు చూసి తల తిప్పుకునేవాళ్లున్నారు. దీన్ని ఓటమి అనడం మాత్రం అన్యాయం. పిల్లల పక్కన కూర్చోవడానికి సాయంత్రం దొరకడం చిన్న విషయమేమీ కాదు.

మొత్తంగా తెంచుకోలేనివాళ్లు పది గుంటలు ఉంచుకుంటారు. కందులు, తోటకూర, నాలుగు బెండ మొక్కలు... ఇంటి తిండికి. అంతమాత్రానికి ఆవు అక్కర్లేదు, పక్కింటి కొట్టంలో అడిగితే బకెట్ పేడ ఇస్తారు. ఆదివారం పిల్లలూ వస్తారు. వేపచెట్టు కింద ఒక్క గంపెడు ఏరితే ఆ ఏడాదికి సరిపోతుంది.