పాటు వేళ కోరంగి

*పడవకు నీళ్లుండాలి, పిట్టకు బురదుండాలి. మడ అడవికి బయల్దేరే ముందు ఈ రెంటిలో ఏది కావాలో తేల్చుకోవాలి.*

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటితే కోరంగి అభయారణ్యం. గౌతమి పాయలు సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. సెలవురోజు వచ్చేవాళ్లలో చాలామంది చెక్కవంతెన మీద నడిచి, పడవెక్కి తిరిగొచ్చి, ‘పిట్టలేవీ లేవే!’ అంటారు. పిట్టలుంటాయి. వచ్చిన వేళే వేరు.

కాలువల్లో పడవ తిరగాలంటే పోటు రావాలి. పోటు వస్తే పిట్టల మేత నీళ్లకిందికి పోతుంది. నీరు వెనక్కి తీశాకే అసలు సందడి. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు బయటపడతాయి. వాటి మధ్య చేపలు గెంతుతుంటాయి. ఒక్క చెయ్యే పెద్దదైన మగ పీతలు దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తాయి. వాటికోసం లకుముకి పిట్టలు, కొంగలు, చలికాలమైతే ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చిన ఉల్లంకులు దిగుతాయి. నీరు మరీ దూరం పోతే పిట్టలూ దూరమే. పోటు మళ్లీ మొదలయ్యే గంట మేలు: పెరిగే నీరే వాటిని మన వైపు తోసుకొస్తుంది.

ఇసుక మీద విడిది

బురద పూర్తిగా మునిగాక పిట్టలు కాకినాడ తీరాన్ని కాసే హోప్ ఐలాండ్ వైపు ఇసుకమేటల మీద గుంపులు కడతాయి. చలికాలంలో ఇండియన్ స్కిమ్మర్లనూ అక్కడే చూడాలి. దాని కింది ముక్కు పై ముక్కుకన్నా పొడవు. ఎగురుతూనే దాన్ని నీళ్లలో దించి, నాగలి సాలు తీసినట్టు గీసుకుంటూ పోతుంది. చేప తగలగానే ముక్కు మూస్తుంది. ఫొటో కోసం పడవను దగ్గరికి పోనిస్తే గుంపంతా లేస్తుంది. దూరాలు ఎగిరొచ్చిన పిట్టకు ఆ విశ్రాంతి కూడా మేతంత అవసరం. అదే ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి.

బావురు పిల్లిని మాత్రం ఆశించకండి. అది రాత్రి వేటగత్తె. పగలు దొరికేది బురదలో దాని అడుగుల జాడే. నీటికుక్కలు అదృష్టం కొద్దీ కనిపిస్తాయి.

తిథి చూసుకుని

బైనాక్యులర్స్ సర్దుకునే ముందు క్యాలెండరు చూడండి. అమావాస్య, పౌర్ణమిలకు నీరు బాగా ఎక్కి బాగా తీస్తుంది. అష్టమికి ఆ తేడా తక్కువ. పోటు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. వారం తిరిగేసరికి దాదాపు 6 గంటలు. కిందటి ఆదివారం ఉదయం మీ పక్కింటివాళ్లు నిండు కాలువలో పడవెక్కి ఉంటే, ఈ ఆదివారం అదే వేళకు మీకు దొరికేది బురదే. వెనక్కి తిరగొద్దు, పిట్టలు వచ్చే వేళ అదే.