తుడుం దెబ్బ నుండి పార్లమెంటు దాకా

ఆదిలాబాద్ అడవుల్లో తుడుం మోగిందంటే గూడెం గూడెం కదలాలని పిలుపు. ఆ పేరే పెట్టుకున్న ఆదివాసీ హక్కుల పోరాట సమితి 'తుడుం దెబ్బ' నాయకుడు, గోండు బిడ్డ సోయం బాపూరావు 2019లో పార్లమెంటు మెట్లెక్కారు.

ఆ మెట్లు ఊరికే రాలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నైజాం బలగాల తూటాలకు నేలకొరిగాడు. అడిగిందేమిటి? దున్నుకునే భూమి, పశువులు మేపుకునే అడవి! 1978 సెప్టెంబరులో కరీంనగర్ జిల్లా జగిత్యాలలో వేలాది కూలీలు జైత్రయాత్ర తీస్తే, అక్టోబరులో సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చింది 13 మందేనని సర్కారు లెక్క. జనం లెక్క అంతకు ఎన్నో రెట్లు. గోదావరికి ఇటు కూలీ, అటు గోండు - ఇద్దరి కొట్లాటా భూమి కొరకే.

బాపూరావు 2004లో టి.ఆర్.ఎస్. తరఫున బోథ్ నుండి శాసనసభకు గెలిచారు. 2017లో లంబాడీలను షెడ్యూల్డు తెగల జాబితా నుండి తొలగించాలన్న ఉద్యమానికి ముందు నిలిచారు. 1976 చట్టంతో లంబాడీలు జాబితాలోకి వచ్చినంక కొలువుల్లో, చదువుల్లో తమ వాటా పోయిందన్నది గోండు, కొలాం యువకుల ఆవేదన. దాన్ని కొట్టిపారేయరాదు. కాని పోడు కొట్టుకునే పేద లంబాడీ మీదా జంగ్లాతు వాళ్లవి అవే కేసులు. పేదలు రెండుగా చీలితే లాభమెవరికి?

2018లో ఆయన కాంగ్రెస్ తరఫున బోథ్‌లో ఓడారు. మరుసటేడు బి.జె.పి. టికెట్టుతో, టి.ఆర్.ఎస్. అభ్యర్థి గోడం నగేశ్‌ను ఓడించి ఆదిలాబాద్ ఎం.పి. అయ్యారు. 2024 వచ్చేసరికి అదే బి.జె.పి. ఆయన్ని పక్కకు పెట్టి, ఆ నగేశ్‌నే పార్టీలోకి తెచ్చుకుని గెలిపించుకున్నది. బాపూరావు తర్వాత కాంగ్రెస్‌లో చేరారు.

ఇది ఒక్క మనిషి కత కాదు. జనం బలంతో ఎదిగిన నాయకుణ్ణి పాలక పార్టీలు భుజానెత్తుకుంటాయి, పని తీరినంక దించేస్తాయి. జెండా మారుతుంది, కండువా మారుతుంది. గూడెంలో మాత్రం "మా పట్టా ఏదయ్యా?" అన్న మాట మారదు.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి అటవీ భూమి సాగులో ఉన్న గిరిజనునికి హక్కు ఉన్నది. దరఖాస్తు తీసుకుని తీర్మానించాల్సింది గ్రామసభ. ఇది ఏ ఒక్క ఎం.పి. దయా కాదు, దేశమంతటా అడవి బిడ్డలు కొట్లాడితే వచ్చింది. అయినా తెలంగాణలో సుమారు 4 లక్షల ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలైంది 2023 జూన్ 30న, ఆసిఫాబాద్‌లో - ఎన్నికల ఏడాదిలో!

ఆదివాసీ బిడ్డ ఢిల్లీకి పోవాల్సిందే. కాని పంపినంక ఇంట్ల కూసుంటే కాదు. గ్రామసభ పెట్టాలె, లెక్క అడగాలె. నాయకుడు పార్టీ మారొచ్చు. సంఘం గట్టిగుంటే భూమి చేయి మారదు.