పందెపు మోటారు సైకిళ్లు - ఇంధన కంపెనీల పొత్తు

బండి యిరుసునకు ఆముదపు కందెన వేయక దూరప్రయాణమునకు బయలుదేరు రైతు లేడు. ఎడ్లు ఎంత బలిష్ఠములైనను ఇరుసు ఒరసికొని వేడెక్కినచో బండి సాగదు. గంటకు 350 కిలోమీటర్లకు మించి పరుగెత్తు పందెపు మోటారు సైకిలునకును న్యాయ మిదియే. ఇంజను ఎంత గొప్పదైనను, దానిలో మండు పెట్రోలును, దానిని కాపాడు కందెనయు తగినవి కానిచో అది గెలువజాలదు. అందుచేతనే పందెపు జట్లును ఇంధన కంపెనీలును చిరకాలమునుండి పొత్తు గలిసి పనిచేయుచున్నవి. బండిమీద తన పేరు వ్రాయించుకొనుటకు కంపెనీ సొమ్మిచ్చుట వేరు. జట్టుతోకూడి పరీక్షలు చేసి వస్తువును బాగుపరచుట వేరు. ఈ రెండవదియే నిజమైన పొత్తు. అది యెట్లు నడుచునో, అందు మనము గ్రహింపదగిన దేమో యిచట వివరించుచున్నాము.

ఆముదముతో మొదలు

ఈ పొత్తు కథకు మొదలు మన మెట్టచేలలో పండు పంటయందే యున్నదనిన చదువరు లాశ్చర్యపడవచ్చును. ఇంగ్లాండులో చార్లెస్ వేక్‌ఫీల్డు 1899లో స్థాపించిన నూనె కంపెనీ, ఆముదము చేర్చిన కందెనను 1909లో "కాస్ట్రాల్" అను పేర విక్రయింప మొదలిడెను. ఆముదమునకు ఇంగ్లీషున గల "కాస్టర్" అను మాటనుండియే యీ పేరు పుట్టినది. ఆముదము వేడియందును లోహమును గట్టిగా అంటిపెట్టుకొనును. పెట్రోలులో సులభముగా కరగిపోదు. కావున ఆనాటి పందెపు బండ్లకును, విమానముల ఇంజనులకును అది మిక్కిలి యనుకూలించెను. కాని దానియందొక దోషము గలదు. అధికమైన వేడికి కాగి, జిగురువలె గట్టిపడి, ఇంజను భాగములకు పట్టుకొనును. మాటిమాటికి విప్పి కడుగవలసి వచ్చును. పిమ్మట రసాయన శాస్త్రజ్ఞులు ఈ దోషము తక్కువగా గల కృత్రిమపు కందెనలను సిద్ధపరచిరి. వాడువాడు లోపమును చెప్పుట, చేయువాడు దానిని సవరించుట అనునదియే పొత్తునకు పునాది.

కొలిచి పోసిన పెట్రోలు

మోటారు సైకిలు పందెములలో ప్రపంచమున అత్యున్నతమైనది "మోటోజీపీ" యనునది. ఇందు 2016 మొదలు 2026 వరకు ప్రధాన పందెమున ఒక్కొక్క బండికి 22 లీటర్లకు మించి పెట్రోలు ఉండరాదని నిబంధన. పందెపు దూరము సుమారు 100 మొదలు 120 కిలోమీటర్లు. అనగా లీటరు ఒక్కింటికి అయిదు కిలోమీటర్ల చొప్పున సరిపెట్టుకొనవలెను. నడుమ పోసికొనుటకు వీలు లేదు. 2024 సెప్టెంబరులో ఇటలీయందలి మిజానోలో ఫాబియో క్వార్టరారో అను పేరుగన్న పందెగానికి చివరి చుట్టులో పెట్రోలు అయిపోయెను. అంతవరకు కాపాడుకొనిన స్థానమును గోల్పోయి, అతడు ఏడవవాడుగా గమ్యము చేరెను.

ఇంజను నిమిషమునకు 18,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 150 మారులు పెట్రోలు మండవలెను. ఆ మంట పిస్టనును త్రోయుటకు దొరకు కాలము సెకనులో ఆరువందలవ వంతు మాత్రమే. అంతకుముందే పెట్రోలు ఆవిరియై, గాలితో కలిసి, అంతలో నిశ్శేషముగా మండవలెను. నిప్పురవ్వవలన పుట్టిన మంట చేరకముందే అది తనంతట మండినచో ఇంజను కొట్టుకొని పాడగును. ఇట్లు ముందుగా మండకుండ నిలుచు గుణమును "ఆక్టేను" అను సంఖ్యతో కొలుతురు. ఆక్టేను పెంచుటకు పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. అది విషమగుటచే 1998 మొదలు ఈ పందెములలో సీసము లేని పెట్రోలునే వాడుచున్నారు.

కంపెనీ తనకు తోచినదెల్ల కలుపుటకు వీలులేదు. ఆక్టేను సంఖ్యకును, సాంద్రతకును, పెట్రోలులోని ప్రాణవాయువు పాలునకును హద్దు లేర్పరుపబడినవి. పెట్రోలును చుట్టునున్న గాలికంటె 15 డిగ్రీలకు మించి చల్లబరుపరాదని మరియొక నియమము గలదు. దీనికి కారణము నూనె కొని యమ్మువారు సులభముగా గ్రహింతురు. చల్లబడిన ద్రవము ముడుచుకొనును గనుక, అదే కొలతలో ఎక్కువ తూకము పట్టును.

ఎవరి పని యేది?

కంపెనీ రసాయనశాలలో పెక్కు మిశ్రమములను తయారుచేయును. ఇంజనును పీఠముపై బిగించి, బలమును కొలుచు యంత్రముతో ఒక్కొక్క మిశ్రమమును పరీక్షింతురు. ఒకదానివలన బలము హెచ్చును గాని పెట్రోలు ఎక్కువ ఖర్చగును. వేరొకటి పొదుపు చేయును గాని మూతవేసిన గొంతును తెరవగానే వెంటనే అందుకొనదు. వీనిలో దేనిని ఎన్నుకొనవలెనో కంపెనీ యొక్కటియే నిర్ణయింపజాలదు. బండి నడపువాని యనుభవమును, జట్టువారి లెక్కలును కావలెను. నిర్ణయమైన పెట్రోలు మచ్చును ముందుగా అధికారులకు చూపి యనుమతి పొందవలెను. పందెమునాడు వారు బండినుండి కొంచెము పెట్రోలు తీసి, యంత్రముచే దాని భాగములను విడదీసి, మొదటి మచ్చుతో పోల్చిచూతురు. మనుష్యునకు వ్రేలిముద్రవలె పెట్రోలునకును ఒక ముద్ర గలదు. దానిని దాచుట సాధ్యము కాదు.

కందెన విషయములో పరీక్ష మరింత ఉపయుక్తమైనది. వాడిన నూనెను కొంచెము తీసి, అందు ఇనుము, రాగి, అల్యూమినియము మొదలైన లోహముల రజను ఎంత గలదో కొలుతురు. వైద్యుడు రక్తపరీక్షచే లోపలి రోగమును కనుగొనునట్లు, ఇంజను విప్పకయే అందు ఏ భాగము అరుగుచున్నదో దీనిచే తెలిసికొందురు. ఒక్కొక్క పందెగానికి సంవత్సరమునకు ఇన్ని యింజనులే యని లెక్క గలదు గావున, ఈ ముందెరుక వారికి మిక్కిలి విలువైనది.

రెండు పొత్తుల చరిత్ర

స్పెయిను దేశపు రెప్‌సోల్ కంపెనీయు, జపాను దేశపు హోండా జట్టును 1995లో చేతులు కలిపెను. మాడ్రిడు సమీపమున మోస్తొలెస్ అను పట్టణమందలి తన పరిశోధనశాలలో రెప్‌సోల్ వారు ఈ జట్టునకు పెట్రోలును, కందెనను తయారుచేయుచుండిరి. మిక్ డూహాన్ మొదలు మార్క్ మార్కెజ్ వరకు ఈ జట్టువారు 1995 - 2019 సంవత్సరముల నడుమ 15 మారులు ప్రపంచ విజేతలైరి. ఆ పిమ్మట బండి వెనుకబడెను. ఎంత మంచి పెట్రోలును ఆ లోటును పూరింపలేకపోయెను. 2024 సంవత్సరాంతముతో ముప్పది యేండ్ల యీ పొత్తు ముగిసెను. 2025లో హోండా జట్టు ప్రక్కన నిలిచిన పేరు, ఆముదమునుండి పుట్టిన ఆ కాస్ట్రాలే.

ఇటలీకి చెందిన డుకాటి వారును షెల్ కంపెనీ వారును 1999 మొదలు కలిసి పనిచేయుచున్నారు. డుకాటి బండిపై 2007లో కేసీ స్టోనర్ ప్రపంచ విజేత యయ్యెను. మరల అట్టి విజయము 2022లో గాని లభింపలేదు. నడుమ పదునైదేండ్లు పొత్తు చెడకుండుటయే యిందలి విశేషము. తరువాత 2023, 2024, 2025 సంవత్సరములలోను డుకాటి బండ్లే గెలిచినవి.

చెత్తనుండి పెట్రోలు

2024 మొదలు ఈ పందెముల పెట్రోలులో నూటికి 40 పాళ్లు భూగర్భతైలమునుండి గాక ఇతర మూలములనుండి రావలెనని నియమము చేసిరి. 2027 మొదలు నూటికి నూరు పాళ్లును అట్లే యుండవలెనని 2021లోనే ప్రకటించిరి. అదే సంవత్సరమునుండి ఇంజను 1,000 ఘనపు సెంటిమీటర్లనుండి 850కిని, పెట్రోలు 22 లీటర్లనుండి 20కిని తగ్గవలెనని 2024లో నిర్ణయించిరి. పట్టణపు చెత్త, ఆహారమునకు పనికిరాని మొక్కల పదార్థము, గాలిలో కలియకుండ పట్టిన బొగ్గుపులుసు వాయువు - ఇవి ఈ క్రొత్త పెట్రోలునకు మూలములు. తిండిగింజలను ముట్టరాదను కట్టుబాటు రైతులు గమనింపదగినది. పందెములో వాడబడు పెట్రోలు స్వల్పము. దానివలన మన కళ్లములలోని చొప్పకు రేపే గిరాకి కలుగునని యెవ్వరును భ్రమపడరాదు. కాని కఠినపరీక్షలో నిలిచిన పద్ధతి పిమ్మట సామాన్యుల వాడుకలోనికి వచ్చుటకు అవకాశము గలదు.

మన కేమి పాఠము?

మనమును ఇంజనులకు నూనె కొనుచున్నాము. ఎరువులు, విత్తనములు కొనుచున్నాము. డబ్బామీది పేరు చూచి కొని, పాడైనపుడు అదృష్టమును నిందించి యూరకుందుము. పందెపు జట్టు అట్లు చేయదు. వాడిన ప్రతిదానికి లెక్క వ్రాయును, మచ్చు దాచును, లోపమును సాక్ష్యముతో చెప్పును. చెప్పువాడు లెక్కతో చెప్పినపుడు వినువాడు త్రోసివేయజాలడు. ఒంటరి రైతున కిది కష్టము. సంఘమున కంత కష్టము కాదు. ఏ సభ్యుడు ఏ సరకు ఎప్పుడు వాడెనో, ఫలితమేమో ఒక పుస్తకమున వ్రాసి, ప్రతి సరకునుండి ఒక మచ్చు సీలువేసి యుంచినచో, అమ్మువానితో మాటాడునపుడు మన చేతిలో ఆధారముండును.